మెత్తగా ఉంచమన్న కారు

కాల్గరీ,
ఏప్రిల్ 7, 2024

ఒరేయ్ త్యాగూ,

ఇల్లు అమ్మకానికి పెట్టేశాను. వాకిట్లో బోర్డు కూడా పాతేశారు. మీ బావగారు పోయాక నాలుగేళ్ళు ఒక్కదాన్నే మంచు తవ్వుకుంటూ నెట్టుకొచ్చాను, ఇక నా వల్ల కాదు బాబూ. ఆగస్టులో ట్రెయిన్ స్టేషన్ పక్కన ఒక కాండో ఫ్లాట్‌లోకి మారిపోతున్నాను. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక మెట్లతో పంతమేమిటి చెప్పు?

అసలు సంగతి నీ కారు. ఇరవై ఏళ్ళ కిందట వాటర్లూ కాలేజీలో ఉద్యోగం వచ్చిందని, "అక్కడ ఇల్లు కుదరగానే వచ్చి పట్టుకుపోతానక్కా" అని నా గ్యారేజీలో వదిలి వెళ్ళావు. ఎనభై ఎనిమిది మోడల్ ఎర్ర మస్టాంగ్. చంద్రిక మెడలో తాళి కట్టకముందు నువ్వు కట్టుకున్నది దాన్నే. బావగారు ఉన్నన్నాళ్ళూ నెలకోసారి స్టార్ట్ చేసేవారు. ఆ తర్వాత దసరాకి నేనే బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందుకో బారెడు, వెనక్కో బారెడు నడిపి మళ్ళీ దుప్పటి కప్పేస్తున్నాను. పాపం, అది చూసిన లోకం అంతే.

కాండోలో దానికి చోటు లేదు. ట్రక్కు మీద నీకు పంపించి, నేను విమానంలో వచ్చి దిగుతాను. నెల రోజులు ఉంటాను, చంద్రికకి ఇప్పుడే చెప్పు. పంపేముందు మా వీధి చివర పాత కార్లు బాగుచేసే డేల్‌కి చూపించాను. "టైర్లు కొత్తవాటిలా నిగనిగలాడుతున్నాయి కదా" అన్నాను. ఆయన మోకాళ్ళ మీద వంగి టైరు పక్కన అంకెలు చూపించాడు. 2304. అంటే 2004లో ఇరవై మూడో వారంలో తయారైన టైరట. అరగకపోయినా రబ్బరు ఎండి పగుళ్ళిచ్చిందట, హైవే మీద పేలిపోతుందట. షాక్ అబ్జార్బర్లలో నూనె కారిపోయిందట కూడా. బానెట్ నొక్కి వదిలితే ఊగుతూనే ఉంది. ఏం చేయించమంటావో రాయి.

ఫోన్ మాత్రం చేయకు. చెవికి మిషన్ పెట్టుకున్నా ఫోన్‌లో ఒక్క మాటా తెలియడం లేదు నాకు. వీడియోలో అయితే పెదాలు చూసి పోల్చుకుంటాను గానీ, నీ కెమెరా పాడైందంటావు, బాగుచేయించుకోవు. కాబట్టి ఉత్తరమే గతి.

నీ కారుకి ఇరవై ఏళ్ళ కాపలాదారు,
అక్క


వాటర్లూ,
ఏప్రిల్ 20, 2024

అక్కకి,

డేల్ చెప్పింది నిజం. నడిచినా నడవకపోయినా టైరుకి వయసు వస్తుంది. ఆ నాలుగూ తీసి పారేయించు. షాకులు కూడా కొత్తవి వేయించు. స్ప్రింగులు ఉన్నవే చాలు.

ఒక్క విషయం ఆయనకి గట్టిగా చెప్పు. కారు మెత్తగా ఉండాలి. ఆ పదిహేను అంగుళాల చక్రాలే ఉంచాలి, వాటికి పక్క గోడ ఎత్తుగా ఉండే టైర్లే వేయాలి. షాకులు కూడా మొదట్లో ఎలాంటివి ఉండేవో అలాంటివే. స్పోర్ట్స్ రకం బాగుంటాయని అంటగడతాడేమో, వద్దను. ఇక్కడ చలికాలం పోయేసరికి రోడ్ల నిండా గుంతలే.

ఈ టర్మ్ కాలేజీకి సెలవు పెట్టాను. నడుము పట్టేసింది. మంచు తవ్వే వయసు నాకూ దాటిపోయినట్టుంది, నవ్వకు. పాఠం చెప్పకుండా ఇంట్లో కూర్చుంటే పొద్దుపోవడం లేదు, అందుకే నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నువ్వు వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాలి. నువ్వే నడపాలి. కోరికంటూ ఉంటే అదొక్కటే. ఎప్పుడు వస్తావో నీ వీలు చూసుకో. తొందరేమీ లేదు.

త్యాగు

తా.క. చంద్రిక నిన్ను ఆవకాయ తెమ్మంటోంది. నేను వద్దన్నాను, బరువని.


కాల్గరీ,
మే 9, 2024

నాయనా త్యాగరాజా,

నడుం నొప్పని కాలేజీకే సెలవు పెట్టావా? వెర్రినాగన్నా! ముప్పై అయిదేళ్ళు డాక్టరుగా ప్రాక్టీసు చేశాను, నడుము పట్టుకుని వచ్చిన మగాళ్ళలో ముప్పావు వంతు మందికి నేను చెప్పింది ఒకటే: లేచి నడవండి. వేడి కాపడం పెట్టుకో, రోజూ పొద్దున పార్కుకి వెళ్ళు, మంచం దిగు. ఫీజు వచ్చాక వసూలు చేస్తాను.

ఆవకాయ సీసా వద్దన్నావంటే రెండు తేవాలని నాకు తెలీదనుకున్నావా? రాజమండ్రిలో కనకదుర్గ పిన్ని పూర్ణాలు వడ్డిస్తుంటే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి "వద్దు పిన్నీ, వద్దంటే వద్దు" అనేవాడివి. ఓసారి ఆవిడ నిజమేననుకుని గిన్నె పట్టుకుని పక్క విస్తరికి వెళ్ళిపోయింది. నువ్వు పెరట్లోకి పోయి ఏడ్చావు. అప్పటినుంచీ నీకు వడ్డించే పని నాన్న నాకు అప్పగించారు. నువ్వు వద్దన్నకొద్దీ వేసేదాన్ని, నువ్వు తిట్టుకుంటూ తినేవాడివి. మన ఇంట్లో అందరికీ ఉన్న మొహమాటమే అది. నోరు తెరిచి అడిగితే ఎదుటివాళ్ళకి ఎక్కడ కష్టమవుతుందోనని.

ఇంకో మాట. నిన్న కారు శుభ్రం చేస్తుంటే డాష్‌బోర్డు అరలో ఓ కాగితం దొరికింది. నీ చేతిరాతే. తేదీ 1992. అందులో ఏం రాసుకున్నావో నీకు గుర్తుందా? నేను మాత్రం డేల్‌కి చూపించాను. ఆయన కళ్ళు మెరిశాయి.

ఇల్లు చూడటానికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. పోపు వాసన వస్తుందని వంట మానేసి బ్రెడ్డు తింటున్నాను.

బ్రెడ్డు తిని నీరసించిన,
అక్క


వాటర్లూ,
మే 28, 2024

అక్కా,

పూర్ణాల సంగతి చదివి చాలాసేపు నవ్వాను. చంద్రికకి కూడా చదివి వినిపించాను.

ఆ కాగితం గుర్తుంది. ముప్పై ఏళ్ళ కుర్రాడు రాసుకున్న జాబితా అది. పొట్టి స్ప్రింగులు, గ్యాసు షాకులు, కీళ్ళ దగ్గరుండే రబ్బరు బుష్‌లకి బదులు గట్టి ప్లాస్టిక్ బుష్‌లు, పదిహేడు అంగుళాల చక్రాలు, వాటికి పల్చటి టైర్లు. అవన్నీ వేస్తే కారు రోడ్డుకి అంటుకుపోతుంది. మలుపులో బాడీ వెంట్రుకవాసి కూడా పక్కకి వాలదు. కానీ దారిలో ఉన్న ప్రతి రాయీ తిన్నగా వచ్చి కూర్చున్నవాడి నడుములో దిగుతుంది. ఇప్పుడు నాకది వద్దు. ఈసారి వద్దంటే వద్దనే అర్థం అక్కా. నాకు మెత్తటి కారు కావాలి. డేల్‌ని ఆ కాగితం పక్కన పెట్టమను.

మంచం మేడ మీంచి కిందికి, ముందు గదిలోకి మార్చాం. మేడ మీద ఎండాకాలం ఉక్కగా ఉంటోంది. కిటికీలోంచి వీధి కనిపిస్తుంది, కాలక్షేపం.

పార్కుకి వెళ్తున్నానులే.

త్యాగు


కాల్గరీ,
జూన్ 21, 2024

ఓరి నా తమ్ముడా,

ఎంత వివరంగా వద్దన్నావురా! ముప్పై రెండేళ్ళ కిందటి స్ప్రింగులూ బుష్‌లూ ఒక్కటి పొల్లుపోకుండా గుర్తున్నవాడికి అవి అక్కర్లేదంటే నేను నమ్మాలా?

ఆ జాబితా ఎందుకు ఆగిపోయిందో నువ్వు మర్చిపోయినా నేను మర్చిపోలేదు. అప్పుడు వర్ష నా కడుపులో ఉంది, ఏడో నెల. బావగారు ఉత్తరాన గ్యాస్ ఫీల్డుల్లో ఉండేవారు. వారం వారం నన్ను ఆసుపత్రికి ఆ కారులో తీసుకెళ్ళింది నువ్వే. "గట్టి స్ప్రింగులు వేస్తే నీకు కుదుపులక్కా, తర్వాత చూద్దాం" అన్నావు. ఆ తర్వాత ఇంకేదో అడ్డొచ్చింది, ఆ తర్వాత పెళ్ళి, ఆ తర్వాత వాటర్లూ. నా కోసం మానుకున్నదాన్ని నేను చేయిస్తానంటే మళ్ళీ చేతులు అడ్డం పెడతావా? మాట్లాడకు. ఆర్డరిచ్చేశాను. అమెరికా నుంచి రావాలట, స్ప్రింగులు స్టాకు లేవట, జూలై నడిమికి గానీ అందవంటున్నాడు డేల్. నువ్వు తొందర లేదన్నావు కాబట్టి సరేనన్నాను.

అది సరే, మంచం కిందికి ఎందుకు దిగింది? మే నెలలో వాటర్లూలో ఉక్కేమిటి, నాకు చెవిలో పువ్వులు పెట్టకు. చంద్రికతో పోట్లాడావు కదూ? ముప్పై ఏళ్ళు కాపురం చేసి వేరే గదిలో పడుకుంటావా, సిగ్గులేకపోతే సరి! దానికి నేను విడిగా రాస్తాను. తప్పు నీదే అయి ఉంటుంది.

నీ మాట వినని,
అక్క


వాటర్లూ,
జూలై 6, 2024

అక్కా,

పోట్లాటేమీ లేదు. నీ ఉత్తరం చదివి చంద్రిక నీకేదో రాయబోయింది, నేనే ఆపాను. దాన్ని ఏమీ అనకు. ఈ మధ్య అది పడుతున్న శ్రమ నేను ఎప్పటికీ తీర్చలేను.

సరే, ఆర్డరిచ్చేశావుగా, కానివ్వు. నువ్వు అంత ఉత్సాహంగా రాసి చాలా ఏళ్ళయింది. బావగారు పోయాక ఇదే మొదలు. బుష్‌లు బిగించేముందు కారుని నేల మీద దాని బరువు మీద నిలబెట్టమని డేల్‌కి చెప్పు. అందరూ ఆ తప్పే చేస్తారు. టైర్లలో గాలి ముప్పై రెండు దాటనివ్వొద్దు. చక్రాల అలైన్‌మెంట్ చేయించకుండా కదపొద్దు.

జూలైలో రాగలవేమో చూడు. జూలైలో ఇక్కడ బాగుంటుంది. కారు తర్వాత వచ్చినా ఫరవాలేదు, నువ్వు ముందు వచ్చేయొచ్చు కదా. కుదరకపోతే మానేయిలే, ఇంటి పనులు చూసుకో. తొందరేమీ లేదు.

త్యాగు


కాల్గరీ,
జూలై 24, 2024

త్యాగూ, అయిపోయిందిరా!

నిన్న డేల్ తాళాలు నా చేతిలో పెట్టాడు. నువ్వు చెప్పినట్టే నేల మీద నిలబెట్టి బుష్‌లు బిగించాడు, "మీ తమ్ముడికి పని తెలుసు" అన్నాడు. నాకు ఎంత గర్వంగా ఉందో! కారు రెండు అంగుళాలు కిందికి దిగి, పోట్లాటకి వంగిన కోడిపుంజులా ఉంది. నేనే నడిపాను. లూనీ డాలరు బిళ్ళ మీద ఎక్కితే బొమ్మో బొరుసో చెప్పేయొచ్చు, అంత గట్టిగా ఉంది! నా చెవులకి ఇంజన్ చప్పుడు అందదు గానీ రోడ్డంతా వెన్నులోంచి వినిపించింది. ఇంటికొచ్చి మాత్ర వేసుకున్నాననుకో. అయినా మళ్ళీ సాయంత్రం వెళ్ళాను.

జూలైలో రావడం ఎలా కుదురుతుంది? ఇంటి కాగితాల మీద సంతకాలు ఆగస్టు పదిహేనున. ట్రక్కు పదిహేడున బయల్దేరుతుంది. కారూ నేనూ ఒకేసారి నీ వాకిట్లో దిగాలని నా ముచ్చట. ఇరవై నాలుగుకి టికెట్ తీసుకున్నాను. నువ్వే తొందర లేదన్నావుగా, నెల రోజులు ఓపిక పట్టు.

నడుము ఎలా ఉంది? ఆ ముక్క రాయవేం?

గర్వంతో కళ్ళు నెత్తికెక్కిన,
అక్క


వాటర్లూ,
ఆగస్టు 10, 2024

అక్కా,

చేతిరాత చంద్రికది, మాటలు నావి. కారు సంగతి తర్వాత చూద్దాం. నువ్వు రా.

త్యాగు


వాటర్లూ, మీ ఇంటి మేడ మీది గది,
ఆగస్టు 26, 2024

త్యాగూ,

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరం రాసుకునే అక్కాతమ్ముళ్ళం మనమే అయి ఉంటాం. నీ గొంతు ఇప్పుడు గుసగుస. అది నా చెవులకి అందదు. పెదాలు చూసి పోల్చుకుందామంటే నా కళ్ళు నీళ్ళతో మసకబారిపోతున్నాయి. అందుకే రాసి నీ దుప్పటి మీద పెడుతున్నాను. నువ్వు లేచాక చదువు.

నీ ఆఖరి ఉత్తరం చేరిన మర్నాడే టికెట్ మార్చుకుని వచ్చాను. గుమ్మంలో నిలబడగానే తెలిసిపోయింది. నీ చెంపలు, నీ మణికట్టు, ఆ చర్మం రంగు. అలాంటి మనుషుల్ని ఎంతమందిని చూశాను! ఏప్రిల్‌లోనే నడుం నొప్పని రాశావు. వేరే ఎవరైనా అరవై రెండేళ్ళ మనిషి నా క్లినిక్‌కి వచ్చి ఆ మాటంటే ఎక్స్‌రే తీయించకుండా పంపేదాన్నా? నా తమ్ముడికి మాత్రం పార్కుకి వెళ్ళమని రాశాను. డాక్టరునట నేను!

నిన్న ట్రక్కు మీంచి కారు దిగగానే నువ్వు పట్టుబట్టి ఎక్కావు. నీ చుట్టూ దిళ్ళు పెట్టి, నత్తలా నడిపాను. నాలుగిళ్ళ దూరం కూడా పోలేదు. ఆ చిన్న స్పీడ్ బంపు మీద నీ చెయ్యి నా మోకాలిని పట్టుకుంది. తల తిప్పితే నువ్వు నవ్వుతున్నావు. కింది పెదవి మీద పళ్ళు దిగిన గుర్తు ఉంది. నేనూ చంద్రికా నిన్ను వీల్‌చెయిర్‌లో వెనక్కి తీసుకొచ్చాక నువ్వు ఆ పూటంతా కళ్ళు తెరవలేదు.

ఊరంతా తిప్పమని ఒక్కటే అడిగావు. మెత్తగా ఉంచమని రెండుసార్లు చెప్పావు. నేనే నా చేతులారా పాడుచేశాను. నువ్వు వద్దన్నప్పుడు కావాలనుకున్నాను. నువ్వు తొందర లేదన్నప్పుడు మాత్రం నిజమేననుకున్నాను. ఇన్నేళ్ళు నీకు వడ్డించినదాన్ని, నీ మాట ఎప్పుడు ఎలా తీసుకోవాలో తెలియలేదురా నాకు.

ఎందుకు చెప్పలేదు? నాకు చెప్పకుండా ఎలా ఉండగలిగావు? రేపే ఇక్కడ ఎవరినైనా పట్టుకుని ఆ స్ప్రింగులు పీకించి మెత్తటివి వేయిస్తాను.

అక్క


ఆగస్టు 27

అక్కా,

ఇది నా చేతిరాతే, కొంచెమే రాయగలను.

మార్చిలో తెలిసింది. ప్రోస్టేట్ క్యాన్సర్, వెన్నులోకి పాకింది. అప్పుడే చెప్పి ఉంటే నీ ఉత్తరాల నిండా స్కాన్లు, మందుల మోతాదులు ఉండేవి. కనకదుర్గ పిన్ని ఉండేది కాదు. డాక్టర్లు నాకిక్కడ ఆరుగురున్నారు. అక్క ఒక్కతే. కొన్నాళ్ళు నువ్వు నన్ను తిడుతూ ఉండాలనిపించింది. కెమెరా పాడవలేదు. నా మొహం చూస్తే కనిపెట్టేస్తావని అలా చెప్పాను. తప్పు నాది. నువ్వు ఏడవకు.

స్ప్రింగులు పీకించకు. ఆ నాలుగిళ్ళ దూరంలో నువ్వు స్టీరింగ్ కొంచెం తిప్పావు చూడు, ముందు చక్రాలు వెంటనే మాట విన్నాయి. నేను కాగితం మీద వేసుకున్నది సరిగ్గా అదే. నొప్పి పుట్టింది నిజం. సంతోషం కూడా నిజం.

నేనిక ఎక్కలేను. నా మంచం దగ్గర కిటికీలోంచి వీధి మలుపు మొత్తం కనిపిస్తుంది. రేపు పొద్దున నువ్వు ఆ మలుపులో తిప్పు. స్పీడు నలభై. మన వీధి గుండ్రంగా తిరిగి మళ్ళీ ఇంటి ముందుకే వస్తుంది, ఆగకుండా చుట్టూ తిరుగు. బాడీ పక్కకి వాలుతుందా లేదా అని చూడాలి నేను. ముప్పై రెండేళ్ళ నుంచి చూడాలనుకుంటున్నాను.

నా వైపు చూడకు. రోడ్డు చూసి నడుపు.

త్యాగు


వాటర్లూ,
సెప్టెంబరు 12, 2024

త్యాగూ,

నిన్న పదమూడో రోజు జరిగింది. వర్ష వచ్చి వెళ్ళింది. మీ కాలేజీ పిల్లలు చాలామంది వచ్చారు. ఒకబ్బాయి కారు కిందికి వంగి చూసి, ఎవరు చేశారండీ అని అడిగాడు. మా తమ్ముడు చేయించుకున్నాడు అని చెప్పాను. చంద్రిక ఇప్పుడే కాస్త కునుకు తీసింది. నేను నీ మంచం మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ పొద్దున జరిగింది నీకు చెప్పాలి. మొదటి చుట్టులో దొంగచాటుగా కిటికీ వైపు చూశాను, నువ్వు చెయ్యెత్తావు. రెండో చుట్టులోనూ ఎత్తావు. ఆపైన నువ్వు చెప్పినట్టే రోడ్డు చూశాను. స్పీడు నలభై, ఒక్క అంకె కూడా అటూ ఇటూ పోనివ్వలేదు. నువ్వు చూస్తున్నావనుకుంటూ ప్రతి చుట్టూ ముందుదానికన్నా బాగా తిప్పాలని తిప్పాను. చంద్రిక వాకిట్లోకి వచ్చి పిలిచిందట. గొంతు పోయేలా అరిచిందట. నాకు వినపడలేదురా. తొమ్మిదో చుట్టులో అది రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడితే అప్పుడు ఆపాను.

నువ్వు తల కిటికీ వైపే ఉంచి కళ్ళు మూసుకున్నావు. ఇంకో రెండు రోజులు ఊపిరి ఉంది. ఆ రెండు రోజులూ నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, నువ్వు మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఎన్నో చుట్టు దాకా చూశావని చంద్రికని అడిగాను. తను వంటింట్లో ఉందట, తెలీదంది. మూడు చూశావో, ఎనిమిది చూశావో, ఇప్పుడు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

నువ్వు చూడలేకపోయి ఉంటే నేను చెప్తాను, విను. కారు వాల్లేదురా. తొమ్మిది చుట్లలో ఒక్కసారి కూడా వాల్లేదు.

అక్క